బకెట్టులో నీలం చేప

సోమవారం పొద్దున ఆరున్నరకి
వెయిటింగ్ హాల్లో తొట్టి లైటు వేశాను.
నీలం చేప ఒంటి మీద
ఎవరో రవ్వ చల్లినట్టు తెల్లచుక్కలు.
రాయికేసి రాచుకుంటోంది.
దురదపెడితే గోక్కోను చేతుల్లేవు దానికి.

కొళత్తూరు దుకాణంలో సెల్వం ఫోనెత్తి
తెలుగూ తమిళమూ కలిపి,
"ముందు విడిగా పెట్టమ్మా, తర్వాత ఏడుద్దువు" అన్నాడు.

అందుకని ఇప్పుడది స్టోర్‌రూంలో,
డయాలిసిస్ గొట్టాల అట్టపెట్టెల పక్కన,
ఎర్ర బకెట్టులో.
దాక్కోవడానికి ప్లంబరు వదిలేసిపోయిన పైపు ముక్క.
కరెంటు పోతే ఊపిరికి బ్యాటరీ పంపు.
మూతగా నా పాత చున్నీ.

నా ఉద్యోగమే నీళ్లూ ఉప్పూ.
మనిషి నెత్తురు పక్కనుంచి పారే నీళ్లలో
ఏ ఉప్పు ఎంతుందో చూస్తూ రోజంతా నిలబడతాను.
అయినా సముద్రం కలపడం వేరే విద్య.

మా తిరువాన్మియూరు వీధి చివర సముద్రం ఉంది.
బోరు వేస్తే ఉప్పునీళ్లే.
మంచినీళ్లు లారీలో వస్తాయి.
ఆ లారీ నీళ్లు వడగట్టి,
లీటరుకి ముప్పైఐదు గ్రాముల పొట్లం ఉప్పు పోసి
కర్రతో తిప్పుతున్నాను,
అలల చప్పుడు వినిపించేంత దూరంలో.
"ఒడ్డుకెళ్లి బిందెడు ముంచుకు రాకూడదా?" అంటాడు వాచ్‌మన్.
ఒడ్డు నీళ్లలో సముద్రం తక్కువ నాయనా,
ఊరెక్కువ.

రాగిమందు ఒక చుక్క తగ్గితే పురుగు చావదు,
ఒక చుక్క ఎక్కువైతే చేప బతకదు.
పరీక్ష గొట్టంలో నీళ్లు పసుపుగా ఉంటే ఆ రోజుకి గట్టెక్కినట్టు.
పచ్చబడితే సగం పారబోసి మళ్లీ కలపాలి.
ముప్పై రోజులు ఇదే.

మంగళవారం, మూడో మంచం మునిరత్నం గారు
తొట్టి ముందు ఆగిపోయారు.
పెరంబూరులో ముప్పై ఏళ్లు
రైలుపెట్టెలకి నీలం రంగు కొట్టినాయన.
"మన నీలంది యాడికి పోయింది పాపా?"
"ఒంట్లో బాలేదు సార్. లోపల పెట్టాం."
"మాకన్నా ముందు దానికి మంచమిచ్చేసినారా!"

సూదులు గుచ్చాక, మిషను తిరగడం మొదలయ్యాక
ఉన్నట్టుండి అడిగారు,
"చేప నీళ్లు తాగతాదా?"

ఏటి చేప తాగదు సార్.
సముద్రపుది తాగుతూనే ఉండాలి.
చుట్టూ ఉన్న ఉప్పు దాని ఒంట్లో నీటిని లాగేస్తుంటుంది.
తాగాలి, ఉప్పుని మొప్పల్లోంచి తోసెయ్యాలి,
మళ్లీ తాగాలి.
అంత నీళ్లలో ఉండి దాహం.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు.
ఆయనకి రోజుకి ముప్పాతిక లీటరు.
మాత్రల నీళ్లు, మజ్జిగ,
ఇడ్లీ మీద పోసుకున్న సాంబారుతో సహా.
ఇంట్లో గ్లాసు మీద గీత గీసి పెట్టిందట కోడలు.
"అయితే నా వంతు కూడా అదే తాగతా ఉండాది" అన్నారు.
నవ్వాలో లేదో తెలియక
పక్క మంచం బీపీ చూశాను.

గురువారం అది తినలేదు.
శనివారం కూడా తినలేదు.
ఆదివారం సెలవు. తాళం తీసుకుని వచ్చాను.
వెల్లుల్లి రసంలో ముంచిన రొయ్య తునక
నోట్లోకి తీసుకుంది, ఉమ్మేసింది,
అది అడుగుకి దిగుతుంటే వెనక్కి తిరిగి చూసింది.
అంతే. దాన్నే నోటుబుక్కులో రాసుకున్నాను.

తొమ్మిదో రోజు మంగళవారం.
నాలుగు గంటలూ అయ్యాక మునిరత్నం గారు
మోచేతి మీద దూదిని బొటనవేలితో అదిమిపట్టుకుని
స్టోర్‌రూం గడప దాకా వచ్చారు.
ఎవరూ రాకూడని చోటు. రమ్మన్నాను.
చున్నీ తీశాను.

పైపులోంచి పసుపు తోక మాత్రం కనిపిస్తోంది.
కాసేపటికి మొహం తిప్పింది.
నోరు తెరుస్తోంది, మూస్తోంది.
"చుక్కలు తగ్గినట్టుండాయే" అన్నారాయన.
నాకు అలా అనిపించలేదు.

స్టూలు లాగి కూర్చున్నారు.
దాహానికని నేనిచ్చిన ఐసుముక్క ఒకటి
కొరక్కుండా బుగ్గన పెట్టుకుని,
అది తాగుతుంటే
అలా చూస్తూ ఉన్నారు.
కింద ఆటోవాడు హారన్ కొడుతున్నాడు.
ఇంకా ఇరవై ఒక్క రోజు.